డ్రాగన్ రైలుకు మోకు

ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు పొద్దున ఆరింటికి అంటారు. ఆరు ఇరవైకి కదులుతుందనుకోండి. అయినా మీరు ఐదున్నరకల్లా వెళ్ళండి, పండుగ వారంలో కిటికీ సీటు దొరకాలంటే వేరే దారి లేదు. నేను ఐదు ఇరవై అయిదుకే వెళ్ళి రెండు కిటికీ సీట్ల మీద తువ్వాళ్ళు పరిచాను. కొత్తగా కొన్న చేతి గడియారం ఉంది కనుక ఈ ప్రయాణంలో ప్రతి టైమూ రాసుకున్నాను. ఆరుకు పది నిమిషాలుండగా యాకూబ్ వచ్చాడు. వచ్చీ రాగానే తనకు కిటికీ సీటు వద్దన్నాడు.

"ఎందుకురా?"

"గోదారి మీద బ్రిడ్జి వస్తది గదా. కిందికి కనపడ్తది."

బ్రిడ్జి రావడానికి ఇంకా నాలుగు గంటలుంది. యాకూబ్ భయం అంత ముందుచూపు గలది.

యాకూబ్, నేనూ ఒకే వీధి వాళ్ళం. వాళ్ళ నాన్నది రేకు డబ్బాల దుకాణం. వీడు ఐటీఐ చదివి, కరెంటు ఆఫీసులో లైన్‌మన్ పోస్టుకు రాత పరీక్ష రెండుసార్లు పాసయ్యాడు. మిగిలింది స్తంభం. సిమెంటు స్తంభం చివరిదాకా ఎక్కి, పైనున్న ఇనుప పట్టీని చేత్తో తాకి దిగాలి. పోయినేడు సగం ఎక్కాక స్తంభాన్ని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. నిచ్చెన వేసి ఇద్దరు మనుషులు దింపారు. ఆ రోజు నుంచి మా వీధిలో వాడి పేరు సగం స్తంభం. మళ్ళీ పరీక్ష ఈ ప్రయాణం తర్వాత వచ్చే బుధవారం. ఆ తర్వాత వయసు దాటిపోతుంది కనుక ఇదే ఆఖరుసారి.

నేను ప్రెస్సులో కంపోజిటర్‌ని. భద్రాచలంలో నవమి ఎగ్జిబిషన్ కరపత్రం మా ప్రెస్సుకే వచ్చింది. జెయింట్ వీల్, డ్రాగన్ రైలు, గుండె ధైర్యం గలవారికి మాత్రమే అని అక్షరం అక్షరం పేర్చింది నేనే. ఆ ఆఖరు వాక్యం పేరుస్తుండగా ఆలోచన తట్టింది. ఒక మనిషిని ఒకే రోజు పదిసార్లు పైకి లేపి కింద పడేస్తే, వాడి భయానికే విసుగు పుట్టి వాణ్ణి వదిలి పోదా? ఇది యాకూబ్‌కు చెప్పాను. "సరే పోదాం, ఇంకేం దారి ఉంది" అన్నాడు. ఆ మాటతో నాకు కొంచెం భయం వేసింది, ఎందుకంటే వాడు నన్ను నమ్మాడు.

బస్సు ఊరు దాటకముందే, నేను బలవంతాన కిటికీ దగ్గర కూర్చోబెట్టిన యాకూబ్ పక్కన ఒక పెద్దమ్మ నిలబడింది. "బిడ్డా, జర కిటికీ కాడ కూసోనియ్యి, నాకు బస్సు పడదు" అంది. సీటు పోయిందని ఇంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. ఆమెది కుసుమంచి దగ్గరి పల్లె, తలంబ్రాల బియ్యం మూటతో వెళ్తోంది. మేం ఎగ్జిబిషన్‌కని చెబితే తల ఊపింది.

"ఆ గుండ్రం బండేనా? పోయినేడు రెండు మాట్ల ఎక్కిన. దేవుణ్ణి చూసినంక మళ్ళ అదే పని."

యాకూబ్ ఆమె వైపు మర్యాదగా, నా వైపు కోపంగా చూశాడు.

ఎనిమిది ఇరవైకి కొత్తగూడెం. బస్టాండు బయట కుడి చేతి వైపు బండి మీద ఇడ్లీ తినండి. లోపల టీ మాత్రం తాగకండి. పాల్వంచ దాటాక రెండు పక్కలా అడవి, ఎండ ఎక్కుతున్నకొద్దీ ఇప్పపువ్వు వాసన కిటికీల్లోంచి వచ్చి బస్సంతా నిండింది. పది గంటలకు సారపాక. అక్కడ మా లింగయ్య ఎక్కాడు.

లింగయ్య మాతో పాల్వంచ హాస్టల్లో పదో తరగతి చదివాడు. ఇప్పుడు సారపాక పక్క పల్లెలో కల్లు గీస్తాడు. పొద్దున్నే ఇరవై తాటిచెట్లు ఎక్కి దిగి, స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కానీ భుజాన మోకు ఉంది. మోకంటే గీసేవాళ్ళు చెట్టుకూ తమ నడుముకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు, తోలుతో పేనింది.

"పండుగకు పోతూ అదెందుకురా?" అన్నాను.

"ఎత్తుకు పోతున్నం అన్నవ్ గదా. మోకు లేకుంట ఎత్తుకు ఎట్ల పోతరు?"

వాడు వేళాకోళం ఆడటం లేదు. మేం ఏదో ఎక్కడానికి పోతున్నాం అని వాడికి కబురు చేశాను, ఏం ఎక్కాలో రాయలేదు. తప్పు నాదే. బ్రిడ్జి మీద బస్సు మెల్లగా పోయింది. యాకూబ్ కళ్ళు మూసుకుని పెద్దమ్మ మూటను పట్టుకున్నాడు, ఆమె వాడి చేతి మీద తట్టింది.

పండుగ వారం కనుక ఎగ్జిబిషన్ పదకొండింటికే తెరిచారు. ముందు డ్రాగన్ రైలు. కరపత్రంలో దాన్ని రోలర్ కోస్టర్ అని కూడా పేర్చాను కానీ జనమంతా పాము బండి అంటున్నారు. ఆకుపచ్చ రేకు తల, ఎర్ర నాలుక, వెనకాల ఐదు పెట్టెలు. ఇనుప పట్టాలు మూడు చోట్ల పైకి లేచి కిందికి దూకుతాయి. టికెట్టు మూడు రూపాయలు, నాలుగు చుట్లు. చెప్పులూ సంచులూ చూడటానికి ఒకరు కింద ఉండాలి కదా అని మొదటిసారి నేను ఆగిపోయాను.

యాకూబ్, లింగయ్య ముందు పెట్టెలో కూర్చున్నారు. బండి నడిపే అతను హిందీ మనిషి. అందరి ఒళ్ళో అడ్డంగా ఇనుప కమ్మీ దించుకుంటూ వచ్చి లింగయ్య దగ్గర ఆగిపోయాడు. లింగయ్య అప్పటికే మోకును సీటు వెనక నుంచి తిప్పి తనకూ యాకూబ్‌కూ కలిపి బిగించి ముడి వేశాడు. అతను హిందీలో ఏదో అడిగాడు.

"తాడు ఎందుకంటుండు. కమ్మీ ఉంది గదా అంటుండు" అన్నాడు యాకూబ్.

"కమ్మీ ఆయినది. మోకు నాది. నేను పేనుకున్న. ఏది నమ్మాల్నో నాకు తెలుసని చెప్పు."

యాకూబ్ దాన్ని ఉర్దూలోకి మార్చి చెప్పేసరికి అతను నెత్తి కొట్టుకుని మీట లాగాడు.

రోజుకు నలభైసార్లు చెట్టెక్కే మనిషి మొదటి దూకుడుకే "కాటమయ్యా" అని పెట్టిన కేక మైకులో పాటను మింగేసింది. రెండో దూకుడుకు గీసేవాళ్ళ కులదేవుడైన ఆ కాటమయ్యనే ఇంకా గట్టిగా పిలిచాడు. మూడో దూకుడుకు యాకూబ్ చెవి పట్టుకున్నాడు. మోకుతో లింగయ్యకే కట్టి ఉన్న యాకూబ్ ఎటూ కదల్లేక నవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు చుట్లూ నవ్వాడు. దిగాక నేల మీద కూర్చుని కూడా నవ్వాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎక్కుదామన్నాడు. నా మందు పనిచేస్తోందని నేను పొంగిపోయాను. రెండోసారి నన్నూ లాక్కుపోయారు. ఆ నాలుగు చుట్ల గురించి రాయడానికి ఎక్కువ లేదు, కళ్ళలో దుమ్ము పడింది.

మూడోసారి కూడా ఎక్కి, పన్నెండు నలభైకి జెయింట్ వీల్ వరుసలో నిలబడ్డాం. కింద పెట్టిన మోకును ఎవరో హడావిడిగా దాటబోతే లింగయ్య అతని చొక్కా పట్టి ఆపాడు. "దాటొద్దన్నా, అన్నం పెట్టేది" అన్నాడు. మా తలల మీదుగా పోతున్న తొట్టిలోంచి ఎవరో చేయి ఊపారు. చూస్తే మా బస్సు పెద్దమ్మ, ఒళ్ళో ప్రసాదం పొట్లం.

మోకును గేటు దగ్గర పెట్టించి ముగ్గురినీ ఒక తొట్టిలో ఎక్కించారు. జనాన్ని ఎక్కించుకోవడానికి వీల్ ఆగాగి తిరిగి, మేం సరిగ్గా కొన మీద ఉండగా ఆగింది. తొట్టి ఊగుతోంది. కింద గుడి గోపురం, దాని పక్కన ఎండలో తెల్లగా గోదావరి, అవతల అడవి. ఇవన్నీ ఉన్నాయని లింగయ్య తర్వాత చెప్పాడు. నేను గడియారం చూస్తున్నాను. యాకూబ్ నవ్వు ఆగిపోయింది. మధ్యలోని కమ్మీని రెండు చేతులా కావలించుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పోయినేడు స్తంభం మీద అచ్చం ఇట్లాగే ఉన్నాడు. నా మందు పనిచేయలేదని అప్పుడు తెలిసింది. వాడి ఆఖరు అవకాశాన్ని నేనే పాడుచేశానా అనిపించింది.

"నాకు గూడ భయమైతాంది" అన్నాడు లింగయ్య మెల్లగా. "ఎందుకో ఎరికేనా? నేను ఎక్కలే. నన్ను ఎక్కిచ్చిన్రు. చెట్టు మీదనైతే నా కాళ్ళు, నా చేతులు, నా మోకు. గిక్కడ నాదేంది?"

యాకూబ్ కళ్ళు తెరవకుండానే అన్నాడు. "స్తంభం మీద నాకు గట్లనే ఉంటది. నాదేం లేదు ఆడ."

"తాడు లేదా?"

"ఎవరి తాడు వాళ్ళు తెచ్చుకోవచ్చన్నరు. మా బాయి చేదతాడు తీస్కపోయిన. భుజం మీదనే ఉండె, దాంతోటి ఏం చేయాల్నో తెల్వలే."

లింగయ్య భయం మరిచిపోయి వాడి వైపు తిరిగాడు. "నీళ్ళు చేదే తాడా? దాంతోటి ఎక్కినవా?" అన్నాడు. ఇంతలో వీల్ కదిలింది. కిందికి వచ్చేదాకా లింగయ్య కాటమయ్యను ఒక్కసారి కూడా పిలవలేదు, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు యాకూబ్ చేతులనే చూస్తూ కూర్చున్నాడు.

ఒకటిన్నరకు భోజనం. గుడికి పోయే దారిలో మెట్ల కింద మెస్సులో పప్పు, గోంగూర, చారు, అడిగినంత అన్నం. యాకూబ్ సరిగా తినలేదు. చేయి కడుక్కుంటూ లింగయ్య చెప్పాడు. "మాపటికి నా చెట్లు నన్ను చూస్తుంటయ్. మీరు గూడ రాండ్రి. బ్రిడ్జి నడిచే దాటుదాం."

నాలుగింటికి బయల్దేరి బ్రిడ్జి నడిచాం. లింగయ్య మోకు ఒక కొన తన నడుముకు, రెండో కొన యాకూబ్ నడుముకు చుట్టి ముందు నడిచాడు. ఎదురొచ్చే సైకిళ్ళవాళ్ళు ఆగి చూశారు, ఒకరిద్దరు ఏ మొక్కు అని కూడా అడిగారు. సగం బ్రిడ్జి దాటాక యాకూబ్ ఒక కన్ను తెరిచాడు. అవతలి ఒడ్డు చేరేసరికి రెండూ తెరిచే ఉన్నాయి.

ఐదుకు తాటివనం. లింగయ్య ముందు మాకు ముంజలు కొట్టిచ్చాడు. తర్వాత ఒక పొట్టి చెట్టు చూసి, దానికి దండం పెట్టించి, మోకును చెట్టు చుట్టూ తిప్పి యాకూబ్ వెనక్కి తెచ్చి కట్టాడు. పొట్టి చెట్టంటే వాడి లెక్కలో పొట్టి. స్తంభం కంటే తక్కువ కాదు.

"చెట్టును కావలిచ్చుకోకు. నీ బరువు ఎనకకు మోకు మీద ఎయ్యి. కూసున్నట్టు ఉండాలె. ఆఁ, గట్ల. ఇప్పుడు మోకు జర పైకి జరుపు. కాళ్ళు జరుపు. మళ్ళ కూసో."

యాకూబ్ నేలకు రెండడుగుల ఎత్తులో వెనక్కి వాలి కూర్చున్నాడు. పడలేదు. వాడి ముఖంలో ఆశ్చర్యం చూసి లింగయ్య పళ్ళు బయటపెట్టాడు. మోకు పైకి, కాళ్ళు పైకి, కూర్చో. మోకు పైకి, కాళ్ళు పైకి, కూర్చో. సగం చెట్టు దగ్గర ఆగాడు. కావలించుకుంటాడేమో అనుకున్నాను. వాడు మోకు మీద వాలి, ఒక చేతితో చెమట తుడుచుకుని, మళ్ళీ జరిపాడు.

మట్టల కిందికి చేరి చెట్టును అరచేత్తో రెండుసార్లు తట్టాడు. పైనుంచి మాట వినపడింది. "భాస్కర్, పాము బండి కనపడ్తలేదు గని జెయింట్ వీల్ కనపడ్తాందిరా. లైట్లేసిన్రు."

"దిగు, బస్సుంది" అన్నాను.

"ఆగు. జరసేపు చూడనియ్యి. నేనే ఎక్కిన గదా."

దిగాక వాడు మోకు విప్పి ఇవ్వబోతే లింగయ్య తీసుకోలేదు. గీసేవాళ్ళు మోకు ఎవరికీ ఇవ్వరు. తండ్రీ కొడుకులకే వేరువేరుగా ఉంటాయి. లింగయ్య గుడిసెలోకి వెళ్ళి, మూడు చోట్ల అతుకులున్న పాత మోకు తెచ్చి తన భుజాన వేసుకున్నాడు. "నాకు ఇది నడుస్తది. బుధవారం అయినంక పంపియ్యి" అని, మేం ఏదో అనేలోపు పక్క చెట్టు మొదలుకు పోయాడు. యాకూబ్ కొత్త మోకును భుజాన వేసుకున్నాడు.

ఆరు పదికి సారపాకలో బస్సు ఆగింది. పుట్ట పగిలినట్టు జనం. కండక్టరు యాకూబ్ భుజాన మోకు చూసి, "ఏ ఊరు గౌడన్నా?" అన్నాడు.

"ఖమ్మం" అన్నాడు యాకూబ్.

"లోపల కాలు పెట్ట సందు లేదు. టాప్ మీదికి ఎక్కుండ్రి."

ఇక్కడ పాఠకులకు ఒక నిజం చెప్పాలి. నేను జన్మలో బస్సు టాప్ ఎక్కలేదు. పొద్దుటి నుంచి చెప్పులు కాసిందీ, కళ్ళలో దుమ్ము పడిందీ, కొన మీద గడియారం చూసిందీ ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. యాకూబ్ బస్సు వెనకున్న నిచ్చెన మీద చకచకా ఎక్కి వంగి చూశాడు. నేను రెండో మెట్టు మీద ఆగిపోయి ఉన్నాను.

వాడు నవ్వలేదు. మోకు కొన కిందికి వదిలాడు. "నడుముకు చుట్టుకోరా. నేను ఎక్కిస్త."

సారపాక నుంచి కొత్తగూడెం దాకా రోడ్డు మిట్టలెక్కి పల్లాల్లోకి దూకుతూ పోతుంది. వేరే టికెట్టు లేకుండా గంట పదిహేను నిమిషాలు ఏ డ్రాగన్ రైలూ తిప్పదు. ప్రతి మిట్ట మీదా పొట్ట గాలిలో ఆగిపోయేది, ప్రతి పల్లంలో చెట్ల కొమ్మలు నెత్తి మీదుగా పోయేవి, మోకుతో లగేజీ కమ్మీకీ ఒకరికొకరికీ కట్టుకుని మేం ఇద్దరం వంతులవారీగా కాటమయ్యను పిలిచాం. కొత్తగూడెంలో సీట్లు ఖాళీ అయ్యాయి, కిందికి రమ్మని కండక్టరు పిలిచాడు. మేం దిగలేదు.

మీరెవరైనా వెళ్తే జెయింట్ వీల్ ఒక్కసారి చాలు. డ్రాగన్ రైలు మాత్రం ముందు పెట్టెలో ఎక్కండి, పక్కన లింగయ్య లాంటి మనిషి ఉండేలా చూసుకోండి. ఈ ప్రయాణంలో టైములన్నీ సరిగ్గానే రాశానని నా నమ్మకం. బుధవారం టైమే రాయలేను. నేను స్తంభం కింద నిలబడి పైకి చూస్తున్నాను, యాకూబ్ మోకు మీద వెనక్కి వాలి కూర్చుని ఇనుప పట్టీని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. అప్పుడు టైమెంతయిందో చూసుకోవడం మరిచిపోయాను.