రాతియుగం రాళ్ల మీద కిచిడీ

నిన్న నేను చరిత్రకు ఎంత సేవ చేసిన్నో చెప్త, వినుండ్రి. ముందుగాల చాయ్ మింగుండ్రి, తర్వాత నవ్వుండ్రి.

మా కాలేజి గ్రౌండ్ల పురావస్తు ఉత్సవం పెట్టినం గద. హిస్టరీ చెప్తనని కోఆర్డినేటర్ పని నా నెత్తిన పెట్టిన్రు. కోఆర్డినేటర్ అంటే స్టేజి మీద కుర్చీ ఉండదు, స్టేజి ఎనుకాల తిట్లుంటయి. పొద్దుగాల్నే ఫ్లెక్సీ షాపుకు ఉరికిన. వాడు పురావస్తును "పురావాస్తు" అని కొట్టిండు. గప్పటికే గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి ఒకాయన, తూర్పుకు దర్వాజ పెడితే మంచిగుంటదా అని అడుగుతుండు.

నేను షాపుల కొట్లాడుతుండంగ ముఖ్య అతిథి, హైదరాబాద్ తవ్వకాల సారు పంపిన వ్యాన్ వచ్చిందట. అండ్ల ఎల్దుర్తి దిక్కు చెలకల దొరికిన రాతియుగం నూరుడు రాళ్లు. డ్రైవర్ గోడ పక్కన దించి పోయిండు. నేను తిరిగొచ్చి చూసి, టెంటోళ్లు తాళ్లకు బరువు పెట్టనీకె తెచ్చిన బండలనుకున్న. హిస్టరీల ఎమ్మే చేసిన కండ్లు గవి.

గప్పుడే మల్లేశన్న వచ్చిండు. మా గల్లీల ఉంటడు, ఉద్యమంల ముందుంటడు. తెలంగాణ కోసం గేటు ముందట రోడ్డు మీద వంటా-వార్పు పెట్టిన్రు, పొయ్యికి రాళ్లు తక్కువ పడ్డయట. గోడ పక్కన రాళ్లు జర వాడుకోవచ్చా అని అడిగిండు.

ఈ ఉత్సవంల పడి ఉద్యమానికి ఏం చేస్తలేనని నా మనసుల ఉండె. "రాష్ట్రమే రావాలంటుంటే రాళ్లదేముందన్నా, అన్నీ తీస్కపో" అన్న. ఊకోక ఒకటి నేనే మోసిన.

సారు మధ్యాహ్నం వచ్చిండు. రోడ్డు బందుండేసరికి కారు దిగి నడిసిండు. మల్లేశన్న ఊకుంటడా, కిచిడీ ఏసి ఇస్తారి చేతుల పెట్టిండు. సారు కిచిడీ తిని, మస్తుందని ఇంకింత పెట్టించుకోనీకె వంగిండు. పొయ్యి మీది గంజు కింద ఆయన చూపు ఆగిపోయింది. ఆయన మొఖం చూస్తే గని నాకు రాళ్ల సంగతి సమజ్ కాలే.

"ఈ రాళ్లు ఎవరిచ్చిన్రు?" అన్నడు మెల్లగ.

మల్లేశన్న పాపం, సారు మెచ్చుకుంటుండనుకున్నడు. "మా మేడమే సార్. అడగంగనే ఇచ్చింది. ఒకటి ఆమెనే మోసింది."

నౌకరి పోయిందనుకున్న. రాళ్లు పగలలే, మసి మాత్రం పట్టింది. నేను కొబ్బరి పీచు అందుకోంగనే సారు వద్దన్నడు, రుద్దితే పాత గీతలు పోతయట. తిట్టలే. తిడితే బాగుండు. రాళ్ల ముందట పెట్టే చీటీ నా చేతికిచ్చి, ఆయన చెప్తుంటే నాతోనే రాయించిండు: "నూరుడు రాళ్లు, రాతియుగం. మళ్ల వాడింది: తెలంగాణ ఉద్యమం, ఇయ్యాల్నే."

పొద్దుగూకే దాక జనమంత గా చీటీ కాడనే. కష్టపడి రాసిన నా పోస్టర్ల దిక్కు ఒక్కరు చూడలే. ఒక ముసలమ్మ మసిని మంచిగ చూసి, కిచిడీల ఉప్పు సరిపోయిందా బిడ్డా అని అడిగింది. సరిపోయిందన్న. నిన్న మొత్తంల నేను తప్పు లేకుంట చెప్పిన జవాబు గదొక్కటే.