వెదురు చెంచాకి శుభనామం

మా మత్సుయేలో పద్ధతిగా టీ కలిపి ఇవ్వడం నేర్పే ఆడవాళ్లకు కొదవ లేదు, కోపం రానివాళ్లకే కొదవ. ఇసోబే తోమోయే గారికి కోపమనేది రాదు. శిష్యురాలు గిన్నె తలకిందులుగా పట్టుకున్నా "బాగుందమ్మా, కాస్త ఇటు తిప్పు" అంటారు. అలా అంటే ఎవరికి విద్య వస్తుంది? ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది మా జపనీసు భాష చదువుకోవడానికి మంగోలియా నుంచి వచ్చిన ఒయూన్ ఒక్కతే. పక్కనే టోఫూ కొట్టు నాది. అతిథి లేకపోతే పాఠం సాగదని నన్ను కూర్చోబెట్టేవారు. నేను వెళ్లేది టీతో పెట్టే మిఠాయి కోసం, దాచడం దేనికి?

మొదటిరోజే ఒయూన్ "టీచరుగారూ, ఉప్పెక్కడ?" అంది. వాళ్ల ఊళ్లో టీలో ఉప్పేస్తారట. తోమోయే గారు పడీ పడీ నవ్వి, మర్నాడు తనూ ఉప్పేసుకుని తాగి చూశారు. "మరీ అంత చెడ్డగా లేదండీ" అని నా చెవిలో చెప్పారు.

ఆవిడతోపాటు ఒకే గురువు దగ్గర నేర్చుకున్న పెద్దావిడ కదోవాకి గారు. ఆవిడ క్లాసు నిండుగా ఉంటుంది, ముఖంలో నవ్వు మాత్రం ఉండదు. ఆవిడ ఒకరోజు వచ్చి తేల్చేశారు.

"ఒక్క పిల్లతో క్లాసేమిటే తోమోయే, నలుగురూ నవ్వుతున్నారు. నా శిష్యురాళ్లతో వస్తాను. ఈ పిల్ల తప్పు లేకుండా టీ ఇచ్చిందా, సరే. లేదంటే కుంపటి ఆర్పి తలుపు మూసెయ్."

"అలాగే అక్కా," అన్నారు తోమోయే గారు. ఆ గది తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. ముందు కదోవాకి గారు, పక్కన శిష్యురాళ్లు ముగ్గురు, చివర నేను. ఒయూన్ చెయ్యి ఎక్కడా తడబడలేదు. గిన్నెలో నురగ చూసి నాకే గర్వమేసింది. ఇక ఒక్క మర్యాద మిగిలింది. టీ పొడి తీసే వెదురు చెంచాకి కవితలాంటి పేరొకటి ఉంటుంది. పెద్ద అతిథి అడగాలి, టీ కలిపినవాళ్లు చెప్పాలి. "తొలి పొగమంచు" అని తోమోయే గారు వారమంతా బట్టీ పట్టించారు.

కదోవాకి గారు నడుం వంచి "గోమెయ్?" అన్నారు. చెంచా శుభనామం ఏమిటని.

ఒయూన్ సాయంత్రాలు స్టేషను దగ్గర హోటల్లో పనిచేస్తుంది. అక్కడ గుమ్మంలో అదే మాట వినబడితే "ఐదుగురం" అని అర్థం. పిల్ల చటుక్కున తలెత్తి, గది అదిరేలా కేకేసింది.

"ఐదుగురా అండీ? రండి రండి, లోపలికి రండి!"

ఒయూన్ ముఖం పాలిపోయింది. వెనక తలుపు మెల్లగా జరిగింది. తోమోయే గారు మోకాళ్ల మీద లోపలికి వచ్చి వంగి దణ్ణం పెట్టారు.

"ఔనక్కా. ఇవాళ చెంచా పేరు ఐదుగురు."

"అదేం పేరే?"

"ఈ గదిలో ఐదుగురు అతిథులు కూర్చుని ఎన్నేళ్లయిందో. పొద్దున చాపలు తుడుస్తూ అదే అనుకున్నాను." నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కదోవాకి గారు చెంచాని అటూ ఇటూ తిప్పి చూశారు. చెప్పిన పేరుని అతిథి మెచ్చుకుని తీరాలి, అది పద్ధతి. పద్ధతి తప్పడం ఆవిడ వల్ల కాదు.

"మంచి పేరు," అన్నారు పళ్లు బిగించి. చెంచా కింద పెట్టి, "పెట్టాక నిలబెట్టుకోవద్దూ? వచ్చే మంగళవారం నేనొస్తాను. వీళ్లు ముగ్గురూ వస్తారు. నలుగురం."

అందరూ నావైపు తిరిగారు.

"మంగళవారమంటే, నాకు టోఫూకి సోయా గింజలు నానబెట్టుకునే పని..."

"నానబెట్టే రా," అన్నారు కదోవాకి గారు.

తోమోయే గారు చెంచా తుడిచే పట్టుగుడ్డ తీసి దానితోనే కళ్లు తుడుచుకున్నారు. అంతకన్నా పెద్ద అపచారం మా టీ గదుల్లో లేదు. కదోవాకి గారు చూశారు. చూసి, తల అటు తిప్పేసుకున్నారు.