నాలుగు ఎంబీల బేరం

ఆ రోజుల్లో, బేరమాడకుండా తెచ్చుకున్న వస్తువు ఒంటికి పట్టదని గట్టిగా నమ్మేదాన్ని. బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్లకి అంతకంటే గొప్ప తత్వం ఎక్కడినుంచి వస్తుంది? సింగపూర్ వచ్చాక ఆ విద్య చెల్లలేదు. హాకర్ సెంటర్లో, అంటే అక్కడి తిండి కొట్ల దగ్గర, ఇంకో గరిటె కూర కోసం బేరం మొదలుపెడితే కొట్టు ఆంటీ చూసిన చూపు (చైనీస్‌లో ఏమందో దేవుడికెరుక) ఇప్పటికీ గుర్తే. ఆ దురదంతా చివరికి ఉద్యోగంలో బయటపడింది.

క్లెమెంటిలో అద్దె గది, ఒక చిన్న శిక్షణ కంపెనీలో ప్రొబేషన్. షిప్‌యార్డులో కొత్తగా చేరే మన తెలుగువాళ్లకి జాగ్రత్తలు నేర్పే డిజిటల్ పుస్తకం తయారుచేయడం నా పని. బొమ్మ నొక్కితే వీడియో ఆడాలి, బటన్ నొక్కితే తెలుగులో మాట వినపడాలి. గొంతు నాదే, వార్తలు చదివేవాళ్లలా గంభీరంగా రికార్డు చేశాను. ఇది నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే వర్క్ పాస్ రద్దయి ఇంటికి. (ఇల్లంటే కొట్టే. "వచ్చావా, ఆ లంగా ఓణీలు మడతపెట్టు" అని నాన్న అనడం నాకప్పుడే వినపడుతోంది.)

ఫైలు నూట ఎనభై ఎంబీలయింది. "ఇంత బరువైతే మెయిల్లో పోదు లా, కొంచెం తగ్గించు" అంది మా మేనేజరు, మాట చివర సింగపూర్ 'లా' తగిలించే తమిళ మేడమ్. తగ్గించు అన్న మాట చెవిన పడ్డాక ఊరుకుంటానా? ప్రతి వీడియో దగ్గరా, ప్రతి ఆడియో దగ్గరా ఒక గడి ఉంది, ఫైలు లోపలే పెట్టాలా, ఊరికే లింకు ఇవ్వాలా అని. లింకు అన్నకొద్దీ బరువు దిగుతోంది. దించి, దించి, నాలుగు ఎంబీలకి తెచ్చాను! నా ల్యాప్‌టాప్‌లో అన్నీ శుభ్రంగా ఆడాయి. ఆ గర్వంతో మర్నాడు ల్యాప్‌టాప్ కూడా మోత దండగని గదిలోనే వదిలేసి మేడమ్‌తో షిప్‌యార్డుకి వెళ్లాను.

అక్కడ వాళ్ల ట్యాబ్‌లో, మెయిల్లో పంపిన పుస్తకం తెరిచారు. ఎదురుగా ఇరవై హెల్మెట్లు. ముందు వరుసలోని శ్రీకాకుళం బాబాయి ఒకాయన వేలు చొక్కాకి తుడుచుకుని మరీ బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. వీడియో ఉండాల్సిన చోట నల్లటి డబ్బా.

"ఏటమ్మా ఇది, మూగనోము పట్టినాదేటి?"

అప్పటికి తెలిసొచ్చింది. మా కొట్లో లేని చీర ఎవరైనా అడిగితే నాన్న "ఉందండీ, కూర్చోండి" అని, వెనక గుమ్మంలోంచి పక్కకొట్టు చీర తెప్పించేవాడు. లింకంటే అదే! సరుకంతా క్లెమెంటిలో నా మంచం మీది ల్యాప్‌టాప్‌లో ఉంది. ఇక్కడికొచ్చింది ఖాళీ షోకేసు.

మేడమ్ మెల్లగా నా వైపు తిరిగింది. బాబాయి మూడోసారి నొక్కాడు. ఆ బటన్ చెప్పాల్సిన మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆగండి! ఎక్కేముందు బెల్టు కొక్కెం తగిలించుకోండి!"

ఇరవై హెల్మెట్లూ ఒక్కసారిగా నవ్వాయి. ఆయన ఇంకోటి నొక్కాడు, నేను ఇంకోటి అరిచాను. పన్నెండు బటన్లకీ గొంతు చించుకున్నాను. వార్తల గొంతు భయంతో ఎటో పారిపోయి, సాంతం బజారు గొంతు మిగిలింది.

"బాగున్నాది గానీ, ఈ పాపని కూడా లోపలెట్టీసి అంపండి మేడమ్," అన్నాడు బాబాయి.

"ఏమంటున్నాడు?" అంది మేడమ్. జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా, ఏమీ తగ్గించకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు. తన ఫోన్ చూపించింది. నా అరుపులన్నీ రికార్డు చేసింది!

"ఆ పాత గొంతు తీసెయ్. ఇదే పెట్టు. లోపల పెట్టు. మండే దాకా టైమ్."

"వెడ్నెస్‌డే?" అన్నాను (అలవాటు).

"మండే లా!"

ఇప్పటికీ నా వృత్తి ఇదే, కానీ ఫైలు బరువు దగ్గర మాత్రం బేరమాడను. అప్పుడప్పుడూ ఆ పాత పుస్తకం తెరిచి మొదటి బటన్ నొక్కుతాను. "ఆగండి!" అని బెదిరిపోయిన పిల్ల అరుస్తుంది. ఉద్యోగం ఖాయమైందే, ఊపిరి పీల్చుకో, అని చెప్పాలనిపిస్తుంది. ఏం లాభం? అందులో మాట వినిపించే బటన్లే పెట్టాను, మాట వినే బటన్ ఒక్కటీ పెట్టలేదు.