ఎల్లవ్వకు అప్పజెప్పిన సకినాల గంప

కురవిలో జరిగిన ఒక మహాయుద్ధం గురించి చెబుతాను. యుద్ధమంటే, మా వాకిట్లో నేనూ, సంచి పట్టుకున్న ఒక మనిషీ. సరే, యుద్ధం కాదు. నేను ఓడిపోయింది మాత్రం నిజం.

మా అక్క సకినాలు చేసి అమ్ముతుంది. ఊరి గిర్ని ముందు నిలబడీ నిలబడీ విసిగి, సొంత పిండిగిర్నికి సర్కారు సాయం అడిగింది. "రేపు సర్కారు తరఫున సారొస్తడు. అన్నీ చూపియ్యి. ఆయన సరేనంటేనే గిర్ని" అని చెప్పి, తెల్లారి నువ్వులకు మానుకోట బజారు పోయింది.

ఆ సారు నాకూ ఫోన్ చేశాడు. "కాగితాల పనంత నేనే చూస్త తమ్మీ. నాకేమియ్యద్దు."

ఏమీ ఇవ్వొద్దట! మా దిక్కు ఏమీ తీసుకోకుండా దారి చూపేది కిలోమీటరు రాయి ఒక్కటే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరి అడిగినంత మాత్రాన ఎవరో సారెందుకు పెడతాడు? తేల్చేశాను: సకినాల గుట్టు కొట్టేయడానికే వస్తున్నాడు.

అక్క చేసిన సకినాల గంపకు కొత్త తువ్వాల కప్పి పక్కింటి ఎల్లవ్వకు అప్పజెప్పాను. "అవ్వా, జర లోపల పెట్టు. ఎవ్వరికీ చెప్పకు."

అవ్వ ముసిముసిగా నవ్వింది. ఆ రోజు నేను అనుమానించనిది ఆ నవ్వొక్కటే.

సారు వచ్చాడు. సంచి ఈనబోయే మేక పొట్టలా ఉంది.

"సకినాలేవి తమ్మీ?"

"ఏం సకినాలు? మా ఇంట్ల ఎవ్వరం తినం."

"నూనె వాసనొస్తుంది గద?"

"తలకు పెట్టుకున్న."

"కరెంటు మీటరన్న చూపియ్యి."

మీటరా! రెండు చేతులూ చాపి దానికి అడ్డంగా నిలబడ్డాను. "మాకు మీటరు లేదు."

ఆయన తలెత్తి వసారాలో తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "మరి గా ఫ్యానెట్ల తిరుగుతుంది?"

"వాస్తు మంచిగుంది సార్."

ఆయన గేటు దాటుతుంటే అక్క ఆటో దిగింది. "సకినాలు రుచి చూసిన్రా సార్?"

"మీ ఇంట్ల తినరట గదమ్మా!"

అక్క చూపు మీద పచ్చి సకినం వేసినా వేగేది. "గంపేదిరా?"

ముగ్గురం ఎల్లవ్వ ఇంటికి పరుగెత్తాం. గంప ఖాళీ. గల్లీ అంతా కరకర.

"సారె సకినాలు గాదురా?" అంది అవ్వ. పెళ్లి కుదిరితే పిల్ల తరఫువాళ్లు కొత్త బట్ట కప్పి పంపిన సారెను గల్లీ అంతా పంచడం మా ఆనవాయితీ. "నీ పెండ్లి కుదిరింది, సిగ్గుపడి చెప్పద్దన్నవనుకున్న. పిల్లదే ఊరు బిడ్డా?"

సారు చేతిలోనూ ఒకటి పెట్టింది. కొరికాడు. ఇంకోటి అడిగాడు. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి రెండు దాచుకున్నాడు. "గిర్ని వస్తదమ్మా" అన్నాడు. ఆ సంబరంలో మీటరు ఎవరికీ యాదికి రాలేదు.

మా కురవి వీరభద్రుని సాక్షిగా ఒట్టు: ఊరికే సాయం చేసేవాళ్లను ఇక అనుమానించను. ఊరికే నవ్వే అవ్వలను మాత్రం వదలను.

గిర్ని వచ్చింది. దానికి త్రీఫేజు కరెంటు కావాలి. మా మీటరు సింగిల్‌ఫేజు.