గుడ్డు కింద మిగిలిన ఎరుపు

చీపురుపల్లి స్టేషను రోడ్డులో నేను క్షవరానికి వెళ్లే దుకాణంలో ఈమధ్య ఒక అద్దాల పెట్టె పెట్టారు. లోపల క్రిములను చంపే నీలం దీపం, దాని కింద దువ్వెనలు. తలుపు తీసినప్పుడల్లా పిడుగు పడ్డాక గాలిలో ఉండేలాంటి ఘాటు వాసన ముక్కుకి తగులుతుంది. మొన్న చూస్తే దువ్వెనలన్నీ ఒకదాని మీద ఒకటి పడున్నాయి. "వీటిని తిప్పుతున్నావా?" అన్నాను దుకాణం ఆయనతో. "లైటున్నాది గదండి, ఇంకా తిప్పడవేటి?" అన్నాడు. ఒళ్లు మండింది. యాభై ఏళ్ల పైమాట, ఇదే మాట అన్నవాడు ఒకడుండేవాడు. వాడికి జవాబు చెప్పింది అప్పలనరసమ్మ.

అరవైల చివర ఆమదాలవలస దగ్గర ఒక వ్యాపారి కోడిపిల్లల కేంద్రం పెట్టాడు. యంత్రంలో గుడ్లు పొదిగించి పిల్లల్ని రైతులకు అమ్మేవాళ్లం. నేను సూపర్‌వైజరుని, పొదగడానికి వెళ్లే గుడ్లు బాగున్నాయని సంతకం పెట్టేది నేనే. నరసమ్మ గుడ్లు తుడిచే మనిషి, వయసులో మా అమ్మంతది, ఆ కూలి తప్ప వేరే ఆధారం లేదు. ఆ ఏడు పుట్టిన పిల్లలు బొడ్డు కుళ్లి చచ్చిపోతుంటే, పెంకు మీది సూక్ష్మజీవులను చంపడానికి మేనేజరు విశాఖపట్నం నుంచి అతినీలలోహిత దీపం తెప్పించాడు. ఇక తుడిచేవాళ్లూ తిప్పేవాళ్లూ దండగ, నరసమ్మని నెలాఖరుకి మానిపించెయ్యమన్నాడు. ఆ మాట ఆవిడకి నేనే చెప్పాను, తల వంచుకుని.

ఆవిడ ఏడవలేదు. "దీపం పైన ఉన్నాది. మరి గుడ్డు అడుగున ఎవులు సూస్తారు బాబూ?" అంది.

"పుస్తకంలో అరగంట చాలని ఉంది."

"పుస్తకం గుడ్డుని తిప్పుతాదేటి?"

దీపం గదిలో గోడకున్న క్యాలెండరు నాలుగు రోజుల్లో వెలిసిపోవడం ఆవిడ కనిపెట్టింది. మర్నాడు పందిళ్లకు అంటించే పల్చటి ఎర్ర కాగితం తెచ్చి, ట్రేలో పరిచి, పొదగడానికి పనికిరాని గుడ్లు దాని మీద పేర్చి దీపం కింద పెట్టింది. ఆరో రోజున దీపం ఆర్పి గుడ్లు తీశాం. కాగితమంతా పాలిపోయింది. ఒక్కో గుడ్డు ఆనుకున్న చోట మాత్రం గుండ్రంగా, కొత్త ఎరుపు. నాకు సిగ్గేసింది. చదువుకున్నవాణ్ని నేను, చూసింది ఆవిడ.

ఆ కాగితం తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పరిచింది. వెనకే నేను.

"ఏటిది?" అన్నాడాయన.

"మీ దీపం సూడని సోటు. రోగం ఇక్కడే కూకుంటాది."

"గుడ్లు తుడిచేదానివి, నాకు పాఠం సెప్తావా? రేపట్నించి రాకు."

"రాను. కాగితం ఇక్కడే ఉంటాది. పిల్ల సచ్చినప్పుడల్లా సూసుకోండి."

ఆయన నా వైపు తిరిగాడు. ఆయన మాటకి ఔనంటే నా ఉద్యోగం ఉంటుంది. "ఆవిడ చెప్పింది నిజం. తిప్పని గుడ్లు బాగున్నాయని నేను సంతకం పెట్టను," అన్నాను. మర్నాటికి ఇద్దరికీ పని లేదు.

మూడు నెలలు ఇంట్లో తిట్లు తిన్నాను. తర్వాత విజయనగరం దగ్గర ఇంకో కేంద్రంలో నాకు పని ఇస్తామన్నారు. గుడ్లు తిప్పడానికి నరసమ్మని కూడా పెట్టుకుంటేనే వస్తానన్నాను, పెట్టుకున్నారు. తొమ్మిదేళ్లు చేసింది. ఎవరైనా పెద్దమనిషి వచ్చి దీపాన్ని మెచ్చుకుంటే, మాట్లాడకుండా ఒక గుడ్డు తిప్పి చూపించేది. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడంటే నాకు ఇప్పటికీ కాస్త భయమే.

మొన్న ఆ దుకాణంలో లైటు ఆర్పించి, దువ్వెనలు ఒక్కొక్కటే విడదీసి నేనే తిప్పి, లైటు మళ్లీ వేయించాను. "ఏటండి బాబూ మీ సాదస్తం, కూకోండి," అన్నాడాయన. రెండో వైపుకీ వెలుగు తగిలేదాకా నిలబడే ఉన్నాను.