సూర్యుడికి కాళ్ళు చూపిన సైకిలు

ఆ రోజుల్లో వెల్డింగు రాడ్డు చేతిలో ఉంటే చాలు, లోకంలో అతకనిదంటూ ఏదీ లేదనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ వయసు, మాంగో పేటలో కిటికీ గ్రిల్లులు చేసే ఒక రేకుల షెడ్డులో కొలువు, నిప్పురవ్వలు పడి చిల్లులైన చొక్కా. ఆ చొక్కా వేసుకుని వీధిలో నడుస్తుంటే జంషెడ్‌పూర్ మొత్తం నన్నే చూస్తోందనుకునేవాణ్ణి. నిజానికి చూసేది మా అమ్మ ఒక్కర్తే, అదీ ఎక్కడెక్కడ మాసికలు వెయ్యాలా అని. నేను చూడాలని కోరుకున్నది మాత్రం మా పక్కవాటాలో ఉండే మా మరదలు, అంటే మా మేనమామ కూతురు. ఊయల్లో ఉన్నప్పటి నుంచీ "ఇదేరా నీ పెళ్ళాం" అని మమ్మల్ని ఆటపట్టించిన పెద్దలంతా, తీరా నాకు పెళ్ళీడు వచ్చేసరికి ఆ మాట ఎవరో అన్నట్టు, తామెప్పుడూ విననట్టు మొహాలు పెట్టడం మొదలుపెట్టారు.

మా మావయ్యది శ్రీకాకుళం వైపు. లారీల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి అంటే ప్రాణం. ఆదివారం ఉప్పు ముట్టడు. పొద్దున్నే సూర్యుడికి నీళ్ళు వదలందే టీ చుక్క నోట్లో పడదు. (మబ్బు పట్టిన రోజున టీ లేక ఆయన, ఆయన చిరాకు భరించలేక మా అత్త, ఇద్దరూ అరుగు మీద కూచుని ఆకాశం వంకే చూస్తుండేవారు.) ఒకనాడు మా అమ్మ ధైర్యం చేసి, "ఒరే తమ్ముడూ, గుంటని బయటికెందుకురా ఇవ్వడం, మనింట్లోనే ఉంచీరాదా" అని అడిగింది. మావయ్య మీసం దువ్వుకున్నాడు. "అక్కా, నీ కొడుకు మంచోడే. కానీ ఏ పనీ సివరికంటా సెయ్యడు. సగంలో వదిలీసి ఇంకోటి పట్టుకుంతాడు. మీ గేటు సూడు, ఒక రెక్క ఎట్టి ఏడాదైపోనాది. రెండోది ఏదీ? రాయగడ సంబంధమోళ్ళు ఉగాది ఎల్లినాక వత్తామన్నారు. ఈలోగా ఒక్క పని, ఒకే ఒక్క పని నిలబడి సేసి సూపించమను. అప్పుడు సూద్దాం" అన్నాడు. గోడకి చెవి ఆనించి వింటున్న నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. (రెండు వాయిలు తిన్నానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నమ్మకండి.)

పని దానంతటదే వెతుక్కుంటూ వచ్చింది. ఆ చలికాలంలో మావయ్యకి నడుము పట్టేసింది. ముందుకు వంగి సైకిలు తొక్కితే ఇక మంచం మీంచి లేవవని డాక్టరు చెప్పేశాడు. పోనీ షిఫ్టు బస్సు ఎక్కమంటే ఆయనకి బస్సు పడదు, సాకచీ బజారు దాటకుండానే పొద్దున తిన్నదంతా కిటికీలోంచి బయటికి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే పాత పత్రికలు అమ్మేవాడి దగ్గర ఒక విదేశీ పత్రికలో బొమ్మ చూశాను. ఒక తెల్లవాడు కుర్చీలో వెనక్కి జారగిలబడి, కాళ్ళు ముందుకి బారజాపి, జమీందారులా సైకిలు తొక్కుతున్నాడు. వాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. (ఎందుకు పెట్టుకున్నాడో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నాకు ఇన్ని కష్టాలు ఉండేవి కావు. సోకు అనుకున్నాను.) వంగకుండా తొక్కే సైకిలు! ఇంకేం కావాలి? రెండు పాత సైకిళ్ళు కోసి, అతికి, మళ్ళీ కోసి, మళ్ళీ అతికి, ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ ఒకటి మధ్యలో బిగించి, రెండు చైన్లు కలిపి ఒకటి చేసి, మొత్తానికి నిలబెట్టాను. పగటిపూట తొక్కితే వీధివాళ్ళు నవ్వుతారని చీకటి పడ్డాకే తొక్కి చూసుకున్నాను. బ్రహ్మాండంగా నడిచింది. చీకట్లో నడవక ఏం చేస్తుంది?

మర్నాడు మావయ్య దాని మీద పడుకుని (కూచున్నాడనడానికి నాకు నోరు రావడం లేదు) ఫ్యాక్టరీకి బయల్దేరితే వీధి వీధంతా వెంటపడింది. పిల్లలు "ఖటియా సైకిల్! ఖటియా సైకిల్!" అని వంతెన దాకా పరుగెత్తారు. మంచం సైకిలన్నమాట. మావయ్య నవ్వుతూ వెళ్ళాడు, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా చేసుకుని తిరిగొచ్చాడు. సంగతేమిటంటే, మా మాంగో వాళ్ళు వంతెన దాటి ఫ్యాక్టరీ వైపు తిరిగితే ఎదురుగా తూర్పు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఎదురుగా పడమర. మామూలు సైకిలయితే తల దించుకుని తొక్కేయొచ్చు. వెనక్కి వాలినవాడు తల ఎక్కడ దించుకుంటాడు? సూర్యుడు నేరుగా కళ్ళల్లోకే. "నడుం బాగుంది అల్లుడూ. కళ్ళే పోనాయి" అన్నాడు మావయ్య. వెళ్తూ వెళ్తూ, "ఇదీ సగమేనేట్రా?" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాటకి నా చెవుల్లో రాయగడ రైలు కూత వేసింది.

ఇక మొదలయ్యాయి నా పాట్లు. ముందు నల్లకళ్ళద్దాలు కొనిచ్చాను. మావయ్యకి సోడాబుడ్డి కళ్ళజోడు ఉంది, అది తీస్తే బస్సుకీ బర్రెకీ తేడా తెలియదు. జోడు మీద జోడు నిలవక అద్దాలు వంతెన మీంచి సువర్ణరేఖ నదిలో పడ్డాయి. తర్వాత ముందుకి పొడుగాటి అంచున్న టోపీ. కుర్చీ వీపుకి తల ఆనించగానే టోపీ వెనకనుంచి లేచి ముక్కు మీదకి జారింది. ఎండ పడని మాట నిజమే, దారీ పడలేదు. తర్వాత కుర్చీకి గొడుగు కట్టాను. వంతెన మీద నదిగాలి అందుకునేసరికి మావయ్య తొక్కేది ముందుకి, సైకిలు పోయేది పక్కకి. ఒక రిక్షావాడు గొడుగు పట్టుకుని ఆపకపోతే అద్దాల వెనకే ఆయనా వెళ్ళేవాడు. మా మరదలు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసేది. పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. "బావా, పహలే ఖుద్ చలాకే దేఖో నా" అంది ఒకరోజు. ముందు నువ్వు తొక్కి చూడొచ్చుగా అని. నాకు ఆ తెలివి లేకపోవడం కంటే, ఆ తెలివి తనకి ఉండడమే ఎక్కువ బాధ పెట్టింది.

చివరికి షెడ్డులో నేను వాడే వెల్డింగు నల్లద్దమే గుర్తొచ్చింది. దాన్ని తీగతో మావయ్య కళ్ళజోడుకి తగిలించాను. ఎండ పడితే దించుకోవచ్చు, దారి చూడాలంటే ఎత్తుకోవచ్చు. ఇంత చక్కటి ఏర్పాటు తెల్లవాడి పత్రికలో కూడా లేదని పొంగిపోయాను. మావయ్య దాన్ని పెట్టుకుని వెళ్ళింది సరిగ్గా రథసప్తమి నాడు. వెళ్ళిన గంటలోనే సైకిలు నడిపించుకుంటూ తిరిగొచ్చాడు. భుజం మీద కాలీఫ్లవరు ఆకు, మోచేతికి గీరుడు.

"దెబ్బ తగిలిందా మావయ్యా?" అన్నాను.

"గోబీ బండిని గుద్దీసినందుకు కాదురా నా ఏడుపు!" అని అరుగు మీద కూలబడ్డాడు. "ఈయేల రథసప్తమి. తెల్లారగట్ల జిల్లేడాకులు నెత్తినెట్టుకుని తానం సేసినాను. నీ నల్లద్దం దించితే ఇంకేటీ కనబళ్ళేదు, సామి ఒక్కడే కనబడ్డాడు. గుండ్రంగా, పచ్చగా. ఆహా అనుకున్నాను. దణ్ణమెడదామని రెండు సేతులూ ఎత్తినాను. అప్పుడు సూసినాన్రా, నా సెప్పు! కుడికాలు సెప్పు లేచి సామి మొగాన్ని కప్పీసింది. అది దిగితే ఎడంకాలు సెప్పు! తొక్కినకొద్దీ అదే! ఇన్నాళ్ళుగా పొద్దున్నా సాయంత్రం ఆయన మొగం మీద సెప్పులాడించుకుంటా తిరుగుతన్నాను. మరి కళ్ళల్లో కొట్టడేటి?"

మా అత్త "ఓలమ్మో, ఎంత పాపం!" అని గుండెలు బాదుకుంది. మా మరదలు చున్నీ నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. (నవ్వుకే. నాకు తెలుసు.) మావయ్య ఆకు దులుపుకుని, "అక్కా, ఇదీ మీ గేటు రెక్క లాగే అయినాది. రాయగడోళ్ళకి రమ్మని కబురెట్టీత్తాను" అన్నాడు. ఆ క్షణాన నాకు భూమి తిరిగింది. తిరుగుతున్న భూమిలో తూర్పూ పడమరా గుర్తొచ్చాయి కాబోలు, నోరు ఊరుకోలేదు.

"తప్పు సైకిల్ది కాదు మావయ్యా, ఇంటిది! మనం ఫ్యాక్టరీకి పడమటేపు ఉన్నాం. అదే తూర్పేపు గోవింద్‌పూర్‌లో ఉన్నావనుకో, పొద్దున్న పడమర ముఖంగా డ్యూటీకి వత్తావు, సాయంత్రం తూర్పు ముఖంగా ఇంటికెల్తావు. సూర్యుడు రెండు పూటలా నీ తలవైపే. ఎండ కళ్ళల్లో పడదు, కాళ్ళు ఆయనకి తగలవు!"

మావయ్య లేచి నిలబడ్డాడు. తూర్పుకి ఒకసారి, పడమరకి ఒకసారి చూశాడు. "బుర్రంటే నీదిరా అల్లుడూ!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నేను పొంగిపోయి పొర్లిపోయాను. పక్షం రోజులు తిరక్కుండా వీధిలో లారీ ఆగింది. రుబ్బురోలు ఎక్కింది, తులసికోట ఎక్కింది, ఖటియా సైకిలు ఎక్కింది, అన్నిటికంటే పైన, పరుపుచుట్ట మీద, మా మరదలు ఎక్కింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. పక్కవాటాలో ఉన్న పిల్లని నా తెలివితో నేనే ఊరి ఆ చివరికి పంపించేశాను! "బడే హోషియార్ హో బావా" అంది తను లారీ మీంచి. మహా తెలివైనవాడివి అని. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నవ్వలేదు. లారీ మలుపు తిరిగాక మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆ నోటికి ఏసుకోలేకపోయినావేట్రా ఓ వెల్డింగు?" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను మామూలు సైకిలు మీద గోవింద్‌పూర్ వెళ్ళేవాణ్ణి. ఖటియా సైకిలు చైను పొడుగు కదా, బిగించి నూనె వెయ్యాలి కదా, అదీ సాకు. పొద్దున వెళ్ళేటప్పుడు ఎండ కళ్ళల్లో, సాయంత్రం వచ్చేటప్పుడు ఎండ కళ్ళల్లో. మావయ్యని వదిలేసిన సూర్యుడు నన్ను పట్టుకున్నాడు. ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చేసరికి రోడ్డు పెనంలా కాలిపోయేది. తల దించుకుని తొక్కొచ్చు, నిజమే. కానీ తల దించితే ముందుకి దువ్విన జుట్టు చెదిరిపోతుంది. టోపీ పెడితే అణిగిపోతుంది. గుమ్మంలో తను చూసే ఆ ఒక్క నిమిషం కోసం అంత జుట్టునీ మొహాన్నీ మోసుకెళ్ళేవాణ్ణి.

ఉగాది వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నూనెడబ్బా పట్టుకుని వెళ్ళేసరికి మావయ్య వరండాలో కూచుని ఉన్నాడు. "సైను నానే బిగించీసుకున్నాను" అన్నాడు. నేను నూనెడబ్బా ఎత్తి చూపించాను. "నూనె కూడా ఏసీసుకున్నాను. మరి నువ్వెందుకొచ్చినావు?" ఇన్నాళ్ళూ ఊరుకోని నోరు, సరిగ్గా కావలసినప్పుడు మూతపడింది. మావయ్య నన్ను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పాడు. మాడిన మొహంలో కళ్ళ పక్కన మాత్రం తెల్లటి గీతలు, ఎండకి చిట్లించీ చిట్లించీ పడినవి.

"సూసినావే," అన్నాడు మా అత్తతో. "ఈడు ఏ పనీ నిలబడి సెయ్యడని అక్కతో అన్నాను. ఎండనీ వాననీ సూడకండా ఇక్కడికి రాడం ఒక్క ఆదివారం మానీలేదు."

"సైను కోసం కాదని నాకు మొదటి వారమే తెలిసినాది. నీకిప్పుడు తెల్లారిందా?" అంది అత్త.

"ఎదురుగా సామినెట్టుకుని వచ్చినోణ్ణి నానెలా కాదంతానే? రాయగడోళ్ళని రావద్దని నిన్ననే కబురెట్టీసినాను" అన్నాడు మావయ్య. లోపల్నుంచి, "అబ్ తో టోపీ పెట్టుకో బావా!" అని వినపడింది. ఇకనైనా అని. హిందీలో మొదలై తెలుగులోకి వచ్చిన ఆ మాటకి నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఎండ వల్ల అన్నాను. నీడలో నిలబడి ఉన్నానని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మావయ్య ఉద్యోగం ఉన్నంత కాలం సూర్యుణ్ణి తలవైపు పెట్టుకునే తిరిగాడు, ఇప్పుడు లేడు. నాకు కారుంది. ఎండ పడితే చెయ్యెత్తి అద్దం దగ్గరి రెక్క దించుకుంటాను, అంతే, చిటికెలో పని. దించుకున్నప్పుడల్లా పక్కసీట్లోంచి మా ఆవిడ నా వైపు చూసి నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే ఆ జుట్టు కుర్రాడు గుర్తొస్తాడు. వాడి సైకిలుకి బంగారు రెక్క కట్టి ఇచ్చినా దించేవాడు కాదు, ఎందుకంటే ఆ ఎండలోంచే తను కనపడేది.