రెండు జతల బ్రేకు ప్యాడ్లు

ఇది రాయకూడదనే అనుకున్నాను. తిరుపతిలో మా బ్రేకు మేస్త్రీ పోయి ఇరవై రోజులు దాటింది. ఆయనకు చదువు రాదు. రాసినా చదివి వినిపించమని అడిగే మనిషి లేడు కదా, ఎందుకులే అని రెండుసార్లు కాగితాలు పక్కన పెట్టేశాను. మా ఆవిడ ఊరుకోలేదు. "ఊరందరి మింద మాట్లాడతావు, ఆయన మింద నాలుగు ముక్కలు రాయలేవా?" అంది. రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు యాత్రికులను కారులో కొండకు తిప్పినవాణ్ణి. అన్నేళ్లూ నా బండి బ్రేకులు చూసింది ఆయనే. పాత ప్యాడు ఊడదీసి ముందు వాసన చూసేవాడు. "రెండో గేరులో దిగలేదే నువ్వు. బ్రేకు మింద కాలు పెట్టుకోనే దిగినావు," అనేవాడు. ఏ డాక్టరూ అంత త్వరగా తేల్చడు. డాక్టరంటే గుర్తొచ్చింది, మోకాలి నొప్పి చూపించుకోవడానికి పోయి, ఆ డాక్టరు కారు కింద దూరి, గంట తర్వాత మందుచీటీ మరిచిపోయి వచ్చాడు ఒకసారి. సరే, అసలు సంగతికి వస్తాను.

మా అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం. పాతదే అయినా రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడు. అక్కడి రేసు ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని తోలుకునే రోజులు ఉంటాయట. దానికి ఏ ప్యాడ్లు వేయాలని మేస్త్రీని అడిగాడు.

"కొండ దిగేటప్పుడు నిలిపేది యాడైనా నిలుపుతాది," అని ఘాట్ బండ్లకు వేసే రకమే వేసి పంపాడు. నేనూ తలూపాను. కొండకు మించిన పరీక్ష ఇంకొకటి ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు.

నాలుగో చుట్టులో కారు మలుపు తిరక్కుండా నేరుగా ఇసుకలోకి పోయింది. మావాడికి దెబ్బ తగల్లేదు. మేస్త్రీకి తగిలింది.

"పెడలు గట్టిగానే ఉన్నింది మామా. ఎంత తొక్కినా బండి నిలవలే," అన్నాడు మావాడు.

మేస్త్రీ మాడిన ప్యాడ్లు ఊడదీసి వాసన చూశాడు. "తప్పు నాదే నాయనా. కొండ మింద మనం మెల్లగా దిగతాం. ఆడ మీరు పరిగెత్తి పరిగెత్తి ఒక్కసారిగా తొక్కతారు. అరనిమిషానికి మళ్లా తొక్కతారు. ఇంత కాక నేను యాడా సూడలే."

ఆయనే అడిగి ట్రాక్ ప్యాడ్లు తెప్పించాడు. పొద్దున్నే, చల్లగా ఉన్న కారును రోడ్డు మీద తోలి తొక్కి చూశాడు. ఆగాల్సిన చోటు దాటి టీ బంకు బెంచీకి జానెడు దూరంలో ఆగింది. బెంచీ మీది పెద్దాయన గ్లాసుతో సహా లేచి, "ఏమబ్బా మేస్త్రీ, టీ కావాలంటే కేకేస్తే సాలదా?" అన్నాడట.

తిరిగొచ్చి తేల్చేశాడు. "ఇది కాగితేనే పట్టుకుంటాది. సల్లంగా ఉంటే రాయే. ట్రాక్ మింద ఇది, రోడ్డు మింద మామూలుది. ఆడికి పోయినాక మార్చు, ఇంటికి బయల్దేరే ముందర మళ్లా మార్చు."

"సాయంత్రానికి ఒళ్లు పులిసిపోయుంటాది మామా. అట్నే వచ్చేస్తే ఏమవుతాది?"

"కుక్క అడ్డమొస్తే, ఉండు, బ్రేకు కాగాల అని సెప్తావా దానికి?"

మావాడి బద్ధకం ఆయనకు తెలుసు. అందుకే అరవై ఎనిమిదేళ్ల వయసులో జాకీ సంచిలో వేసుకుని ప్రతిసారీ తనే వెంట పోయాడు. తలకు తువ్వాలు చుట్టుకుని ట్రాక్ పక్క రేకుల కింద పొద్దంతా కూర్చునేవాడు. చివరి చుట్టు అయ్యాక, చక్రాలు చల్లారేదాకా ఆగి, నాలుగింటికీ ప్యాడ్లు మార్చేవాడు. మావాడు ఫోను చూసుకుంటూ నిలబడేవాడు. వాడికి నేర్పించవయ్యా అంటే, "నేనుండాను కదబ్బా," అనేవాడు. "పరిగెత్తేది కారే సూసుకుంటాది. నిలిపేది మనం సూసుకోవాల," అని కూడా.

ఆయన పోయాక నాకు పట్టుకున్న భయం ఒక్కటే, మావాడు ప్యాడ్లు మార్చకుండానే ఇంటికి బయల్దేరతాడేమోనని. నిన్న ఆదివారం మావాడు మళ్లీ ట్రాక్‌కు పోయాడు, ఒక్కడే. అయిదున్నరకు ఫోను చేశాను.

"బయల్దేరినావా?"

"లే నాయనా. మూడు సక్రాలు అయినాయి. ఇంకొకటి ఉండాది."

"సరే, కానియ్," అని పెట్టేశాను. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. తాగాను.